మనవరాలి టీకా కాగితం – మన బాధ్యత

(ఉయ్యూరులో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మన సమావేశాల్లో డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి ప్రత్యేక సంచికకు ఆరోగ్య విషయం ఒకటి ఉండాలని, అది నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. నేను డాక్టరును కాను. 1973లో తాలూకాఫీసులో గుమాస్తాగా చేరి, 2008లో రిటైరయ్యేవరకు కాగితాలు చదవడం, నోటు రాయడం, సంతకానికి పెట్టడం, ఇదే నా వృత్తి. అందుచేత ఈ విషయాన్ని కూడా ఒక ఫైలు చదివినట్టే చదివి, చదివింది మీ ముందు పెడుతున్నాను.

విషయం ఏమిటంటే, ఆడవారికి గర్భసంచి ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సరు, దానికి కారణమైన హెచ్.పి.వి. అనే వైరసు, దాన్ని రాకుండా ఆపే టీకా. సభలో ఇటువంటి మాటలు వినడానికి కొందరికి మొహమాటంగా ఉండవచ్చు. పెద్దలు మన్నించాలి. ఈ జబ్బు ఇంతకాలం ఇంత మందిని తీసుకుపోవడానికి మన మొహమాటం కూడా ఒక కారణమే.

జబ్బు సంగతి

మన దేశంలో ఆడవారికి వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరు మొదటిది, ఇది రెండవది. 2022 సంవత్సరానికి వేసిన అంతర్జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1,27,000 మందికి ఈ జబ్బు కొత్తగా వచ్చింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. రోజుకు ఎంతో మీరే లెక్క కట్టుకోండి, రెండు వందలు దాటుతుంది.

ఈ క్యాన్సరు దాదాపు ఎప్పుడూ హ్యూమన్ పాపిలోమా వైరస్ వల్లనే వస్తుంది. దీన్ని నిరూపించినవారు జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజెన్. 1983, 84 సంవత్సరాల్లో ఆయన బృందం ఈ వైరసులోని 16వ రకాన్ని, 18వ రకాన్ని క్యాన్సరు కణాల్లో గుర్తించింది. అందుకు 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరసులో రెండు వందలకు పైగా రకాలున్నా, ముఖద్వార క్యాన్సర్లలో నూటికి డెబ్బై వరకు ఈ రెండు రకాల వల్ల వచ్చేవే.

ఇది దాంపత్య సంబంధం ద్వారా ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది. ఈ మాట వినగానే కొందరు వేరే అర్థాలు తీస్తారు. అది తప్పు. సంసారం చేసే స్త్రీ పురుషుల్లో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. సోకినట్టు తెలియదు కూడా. పదిమందిలో తొమ్మిదిమందికి ఒకటి రెండేళ్ళలో ఒంట్లోని శక్తే దాన్ని వెళ్ళగొడుతుంది. మిగిలిన కొద్దిమందిలో అది తిష్ఠ వేసుకుని కూర్చుని, పదిహేను ఇరవై ఏళ్ళకు క్యాన్సరుగా మారవచ్చు. పొగాకు అలవాటు ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఈ జబ్బు వచ్చిన ఇల్లాలి నడవడిక గురించి ఎవరైనా గుసగుసలాడితే, ఆ నోరు అక్కడే మూయించాలి. ఎప్పుడు, ఎవరి వల్ల సోకిందో ఏ డాక్టరూ చెప్పలేడు.

ఆ గుసగుసలకు భయపడిన వాళ్ళలో మా పెద్ద వదినగారు ఒకరు. 1980ల నాటి మాట. ఆవిడకు యాభై దాటాయి, ముట్లు ఆగిపోయి రెండేళ్ళయింది. మళ్ళీ కొద్దికొద్దిగా రక్తం కనబడడం మొదలైంది. వేడి చేసిందని మజ్జిగ తాగారు, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగారు. తెల్లబట్ట, దుర్వాసన వచ్చినప్పుడు దేవుడి గదిలోకి వెళ్ళడం మానేశారు గాని మా అన్నయ్యకు చెప్పలేదు. నడుం నొప్పితో మంచం పట్టాక గాని ఎవరికీ తెలియలేదు. బెజవాడలో చూపిస్తే మద్రాసు వెళ్ళమన్నారు. మద్రాసులో కరెంటు పెట్టారు. అప్పటికే ముదిరిపోయింది. పదకొండు నెలలకు పోయారు. ఆవిడ పెట్టుకున్న ఆవకాయ జాడీ మూడో వంతు కూడా అవలేదని మా అమ్మ ఎన్నాళ్ళో తలుచుకుని ఏడ్చేది. ఆ రోజుల్లో ఈ జబ్బుకు టీకా లేదు. ఈ రోజు ఉంది.

టీకా సంగతి

ఈ టీకా ఎలా పనిచేస్తుందో మన పొలాల భాషలో చెబుతాను. తాలుగింజ పైకి చూడడానికి అచ్చం వడ్లగింజలాగే ఉంటుంది, లోపల బియ్యం ఉండదు, అది మొలకెత్తదు. ఈ టీకాలో ఉండేది వైరసు తాలుగింజ. పై పొట్టు మాత్రమే ఉంటుంది, లోపలి సరుకు ఉండదు. కాబట్టి దాని వల్ల జబ్బు రాదు. కాని ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ పొట్టును చూసి గుర్తుపెట్టుకుంటుంది. రేపు అసలు వైరసు వస్తే గుమ్మంలోనే ఆపేస్తుంది.

ఇందులో ఒక ముఖ్యమైన షరతు ఉంది. వైరసు సోకకముందే టీకా పడాలి. సోకిన వైరసును ఇది తీసివేయదు. అందుకే 9 నుంచి 14 ఏళ్ళ మధ్య ఆడపిల్లలకు వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ వయసులో ఒంటి స్పందన కూడా బాగా ఉంటుంది.

విదేశాల్లో ఈ టీకా 2006లో వచ్చింది. ఆస్ట్రేలియా 2007లో, స్కాట్లండ్ 2008లో బడి పిల్లలకు వేయడం మొదలుపెట్టాయి. 12, 13 ఏళ్ళ వయసులో పూర్తిగా టీకాలు వేయించుకున్న స్కాట్లండ్ ఆడపిల్లల్లో ఒక్కరికి కూడా ముదిరిన ముఖద్వార క్యాన్సరు నమోదు కాలేదని 2024లో అక్కడి పరిశోధకులు ప్రకటించారు. స్వీడన్‌లో పదిహేడేళ్ళలోపు వేయించుకున్నవారిలో ఈ క్యాన్సరు 88 శాతం తగ్గిందని 2020లో తేలింది. ఇవి డబ్బున్న దేశాలంటారేమో, మన పొరుగున ఉన్న చిన్న దేశం భూటాన్ 2010లోనే దేశమంతా మొదలుపెట్టింది. మన దేశంలో సిక్కిం రాష్ట్రం 2018లో బడుల ద్వారా వేయించి, నూటికి తొంభై అయిదు మందికి పైగా అందించింది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ అనే మన దేశపు టీకాకు 2022లో అనుమతి వచ్చింది. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెటు ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ళ బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్ర ఆర్థిక మంత్రి ప్రకటించారు.

ఖమ్మం ఫైలు

ఇంత మంచిదైతే మన తెలుగువాళ్ళకు దీని మీద అనుమానం ఎందుకు? మా ఇంట్లోనే ఆ అనుమానం వచ్చింది. మా మనవరాలికి పన్నెండేళ్ళు. బళ్ళో టీకా మాట వచ్చిందనగానే మా ఇంటావిడ, "ఏమండీ, ఖమ్మంలో ఈ టీకాకే కదండీ పిల్లలు పోయింది?" అంది. మా కోడలు, "మామయ్యగారూ, మీరు చదివి చెప్పండి, మీరు సరేనంటే వేయిద్దాం" అంది. అప్పుడు కూర్చుని ఆ ఫైలు మొత్తం చదివాను.

2009 జూలైలో, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి ఈ టీకా వేసే కార్యక్రమం మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడా ఇటువంటిదే జరిగింది. ఖమ్మంలో చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. కొన్ని నెలల్లో కొందరు పిల్లలు చనిపోయారని వార్తలు వచ్చాయి. మహిళా సంఘాలవారు భద్రాచలం వెళ్ళి విచారించారు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపివేసింది. విచారణ సంఘాన్ని వేసింది.

ఈ ఫైలులో రెండు ప్రశ్నలున్నాయి. రెంటినీ కలిపేయడం వల్లనే ఇంత గందరగోళం.

మొదటి ప్రశ్న, పిల్లలు టీకా వల్ల చనిపోయారా? రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు చనిపోయారు. ఒక పిల్ల క్వారీ నీళ్ళలో పడి మునిగిపోయింది. ఒకరిని పాము కరిచింది. ఇద్దరు పురుగుమందు తాగారు. ఒకరు మలేరియాతో పోయారు. మిగిలిన ఇద్దరి విషయంలో తీవ్ర జ్వరం, మెదడులో రక్తస్రావం కారణాలు కావచ్చన్నారు గాని అంత స్పష్టత లేదు. ఈ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ తేల్చింది. ఆ తరువాత ప్రపంచమంతటా కోట్లాది డోసులు వేశారు. టీకా వల్ల పిల్లలు చనిపోతున్నారని ఎక్కడా రుజువు కాలేదు.

రెండవ ప్రశ్న, ఆ కార్యక్రమం సక్రమంగా జరిగిందా? లేదు. ఇది చెప్పడానికి నేను సంకోచించను. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆ తప్పులను ఏకరువు పెట్టింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టలు వార్డెన్లు. పరిశీలనకు తీసిన వంద పత్రాల్లో అరవై తొమ్మిదింటి మీద సాక్షి సంతకమే లేదు. చాలావాటిపై తేదీలు లేవు. ఒకే మనిషి ఏడు పత్రాల మీద సంతకం చేశాడు. టీకా తరువాత పిల్లలకు ఏమైనా అయితే నమోదు చేసే ఏర్పాటూ సరిగా లేదన్నారు. కంపెనీల వ్యాపారానికి తోడ్పడడమే ఆ సంస్థ ఉద్దేశమని స్థాయీ సంఘం గట్టిగా విమర్శించింది.

మిత్రులారా, మనమంతా సంతకాల విలువ తెలిసినవాళ్ళం. తేదీ లేని సంతకంతో ట్రెజరీకి బిల్లు పంపితే తిరిగి వచ్చేది. పట్టాదారు బదులు కరణంగారు సంతకం పెడితే ఆ దరఖాస్తు చెల్లేది కాదు. అర ఎకరం పొలం కాగితానికి పాటించిన నియమం కన్నబిడ్డ ఒంటి మీద సూదికి పాటించకపోతే ఎలా? అంగీకార పత్రంలో ఏముందో ఆ తల్లికి ఆమె భాషలో ఒక్కరు చదివి వినిపించి ఉంటే, బిడ్డ పోయినప్పుడు ఆమెకు అడగడానికి ఒక మనిషి, వినడానికి ఒక చోటు ఉండేవి. అది జరగలేదు కనుక అనుమానం పుట్టింది. మందు మంచిదే అయినా, దాన్ని ఇచ్చిన తీరు వల్ల దానికి చెడ్డపేరు వచ్చింది. ఆ పేరు పోవడానికి మన పిల్లలు పదిహేనేళ్ళ కాలం చెల్లించారు. ఖమ్మం ఫైలు మన ఆఫీసు లెక్కలో ఎల్.డిస్. కాదు, ఏడాది కాగానే తగలబెట్టడానికి. అది ఆర్.డిస్. శాశ్వతంగా భద్రపరచాలి, అప్పుడప్పుడు తీసి చదవాలి.

ఇదే ఫైలులో ఎవరూ ఊహించని మరొక కాగితం ఉంది. 2009లోనే మన దేశంలో వేరే కేంద్రాల్లో ఇంకొక పరిశోధన జరుగుతోంది. 17,000 మందికి పైగా ఆడపిల్లలకు రెండు డోసులు, మూడు డోసులు వేసి పోల్చాలని మొదలుపెట్టారు. 2010 ఉత్తర్వుతో అదీ ఆగిపోయింది. వేలమంది పిల్లలకు ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్ళను వదిలెయ్యకుండా పదేళ్ళు గమనిస్తూ వచ్చారు. ఒక్క డోసు పడినవాళ్ళలో కూడా 16, 18 రకాలు తిష్ఠ వేయకుండా 95 శాతం వరకు రక్షణ ఉందని 2021లో తేలింది. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆ వయసు పిల్లలకు ఒక్క డోసైనా చాలవచ్చని చెప్పడానికి ఇటువంటి ఫలితాలే ఆధారం. ఈ రోజు ఎన్నో బీద దేశాలు ఒక్క డోసుతో పని జరుపుకుంటున్నాయంటే, అందులో మన దేశపు ఆడపిల్లల పాలు ఉంది.

నలుగురూ అడిగే ప్రశ్నలు

టీకా వేస్తే పిల్లలు పుట్టరట కదా అంటారు. అందుకు ఆధారం ఏమీ లేదు. క్యాన్సరు వచ్చి గర్భసంచి తీయించుకుంటేనే పిల్లలు పుట్టరు.

ఇంత చిన్నపిల్లకు ఇప్పుడెందుకు అంటారు. వరదలు రాకముందే కదా కరకట్ట వేసేది. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు.

బాధలేమైనా ఉంటాయా అంటే, సూది వేసినచోట నొప్పి, వాపు, ఒకటి రెండు రోజులు జ్వరం, తలనొప్పి రావచ్చు. కొందరు పిల్లలు సూదికి జడిసి కళ్ళు తిరిగి పడతారు. అందుకే వేసిన తరువాత పదిహేను నిమిషాలు కూర్చోబెట్టాలి. ఏదైనా మందు పడని పిల్లలైతే, పెద్ద జబ్బు ఉన్న పిల్లలైతే ముందే డాక్టరుకు చెప్పాలి. గర్భవతులకు వేయరు.

మగపిల్లల మాటేమిటి? ఈ వైరసు వల్ల మగవారికీ గొంతు క్యాన్సరు వంటివి వస్తాయి. మన దేశపు టీకాకు మగపిల్లలకు వేయడానికీ అనుమతి ఉంది. స్తోమత ఉన్నవారు డాక్టరును అడగవచ్చు. ప్రభుత్వాలు మాత్రం ముందు ఆడపిల్లలకు ఇవ్వాలంటున్నాయి.

పెద్దవాళ్ళైన కూతుళ్ళు, కోడళ్ళ సంగతి? వాళ్ళకు ముఖ్యమైనది పరీక్ష. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి స్త్రీ ముఖద్వారం పరీక్ష చేయించుకోవాలి. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్ని పలచగా పూసి చూసే పరీక్ష ఉంది, పాప్ పరీక్ష ఉంది, వైరసు ఉన్నదీ లేనిదీ చెప్పే పరీక్ష కూడా ఉంది. మొదటి పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలు. క్యాన్సరుగా మారకముందే మచ్చను పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది. టీకా వేయించుకున్న పిల్లలు కూడా ఆ వయసుకు వచ్చాక పరీక్ష మానకూడదు. టీకా అన్ని రకాల వైరసులనూ ఆపదు.

ఇక మన ఇంటావిడల సంగతి. సోదరీమణులకు నా విన్నపం ఒక్కటే. ముట్లు ఆగిపోయిన తరువాత ఒక్క చుక్క రక్తం కనబడినా అది వేడి కాదు, దృష్టి కాదు. ఆ వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ప్రతిసారీ అది క్యాన్సరే కానక్కరలేదు. కాని తేల్చవలసింది డాక్టరు. మొగుళ్ళకు నా మనవి ఏమంటే, ఆవిడ చెప్పేవరకు ఆగకండి, మీరే అడగండి.

మా ఇంట్లో మేము చేసిన పని చెబుతాను. కాగితం మొత్తం నేను చదివి వినిపించాను. కోడలు తన సందేహాలు ఐదు కాగితం మీద రాసుకుని పిల్లల డాక్టరును అడిగి వచ్చింది. మనవరాలికి కూడా ఏ టీకా, ఎందుకు అన్నది వాళ్ళమ్మ చెప్పింది. "మరి నొప్పి ఎంత సేపుంటుంది తాతయ్యా?" అని ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు మాత్రం కాగితంలో జవాబు లేదు. సాయంత్రానికి తగ్గిందని తరువాత అదే చెప్పింది. సంతకం మా అబ్బాయి పెట్టాడు, తేదీ వేసి. టీకా చీటీ నా పెన్షను పుస్తకం ఉన్న సంచిలోనే దాచాను.

చివరిగా, సంఘానికి మూడు ప్రతిపాదనలు మనవి చేస్తున్నాను. ఒకటి, ప్రతి సభ్యుడూ తన ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ళ మధ్య పిల్లలెవరున్నారో చూసుకోవాలి. ప్రభుత్వ పథకం కింద ఏ వయసువారికి, ఎక్కడ వేస్తున్నారో మన ఏ.ఎన్.ఎం.ను గాని, ఆశా కార్యకర్తను గాని అడగాలి. బయట వేయిస్తే ఖర్చు వేలల్లో ఉంటుంది కనుక ముందు ఇది అడగడం మంచిది. రెండు, మన వీధుల్లో చదువురాని తల్లిదండ్రులకు అంగీకార పత్రం వస్తే, మనలో ఎవరో ఒకరు వెళ్ళి పూర్తిగా చదివి వినిపించాలి. వేయించమని గాని, మానమని గాని ఒత్తిడి చేయకూడదు. అడిగినదానికి డాక్టరు చేత జవాబు ఇప్పించాలి. సంతకం వాళ్ళే పెట్టాలి. మూడు, వచ్చే సమావేశం నాటికి సభ్యుల ఇళ్ళలో ముప్పై దాటిన ఆడవారి పరీక్షకు ఒక లేడీ డాక్టరుగారిని పిలిపించి ఒక పూట ఏర్పాటు చేయాలి. ఆ రోజు కాఫీ, ఇడ్లీ ఖర్చు నేను పెట్టుకుంటాను.

జీవితమంతా ఇతరుల కాగితాలు చదివి పెట్టి జీతం తీసుకున్నాం. ఇప్పుడు పెన్షను తీసుకుంటున్నాం. ఇంకో కాగితం చదివి పెట్టడానికి మన కళ్ళజోళ్ళు పనికొస్తాయి.